అందరికీ నకలు

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే తూర్పు కొసన ఎవరైనా తుమ్మితే పడమటి కొస నుంచి 'చిరంజీవ' రావడానికి మూడు రోజులు పట్టేంత పెద్ద అడవిలో, చెరువు ఆఫీసు ఒకటి ఉండేది.

చెరువు ఒక్కటే. దానికి ఒక కట్ట, ఒక తూము. ఆఫీసులో ఉద్యోగులు మాత్రం నలభై ఒక్క మంది.

వాళ్లలో నలభై మంది చెరువుని దూరం నుంచే చూసేవారు. దగ్గరికి వెళ్లి చూసేది బుడుంగమ్మ ఒక్కతే. బుడుంగమ్మ నీటికుక్క. కట్ట కాపలా ఆమె ఉద్యోగం. పొద్దున్నే కట్ట పొడుగునా ఈదుకుంటూ వెళ్లి, నడుచుకుంటూ తిరిగొచ్చి, ఏ ఎండ్రకాయ ఎక్కడ బొరియ తవ్విందో వెతికేది. కట్ట కింద పల్లంలో ముప్పై ఆరు కుందేళ్ల కాపురాలు ఉండేవి. ఆ వరసలోనే చివర ఆమె గూడు, అందులో ఆమె ముగ్గురు పిల్లలు. కాబట్టి కట్ట గురించి ఆమెకి జీతానికి మించిన శ్రద్ధ ఉండేది.

ఆఫీసులో కబుర్లకి ఆకుటపా ఉండేది. టేకు ఆకు మీద ముల్లుతో రాసి గోరింకకి ఇస్తే రెండు నిమిషాల్లో అవతలివాళ్ల ముందు పడేది. "తూము తెరిచాను" అని ఒకరు రాసేవారు. "సరే" అని ఇంకొకరు రాసేవారు. రోజు మొత్తానికి ఇరవై ఆకులు దాటేవి కావు. గోరింకలకి మధ్యాహ్నం కునుకు కూడా దొరికేది.

అలాంటి రోజుల్లో టపా సెక్షనుకి కొంగ ధవళయ్య గారు సూపరింటెండెంటుగా వచ్చారు.

కదలకుండా నిలబడి పని చేస్తున్నట్టు కనిపించడం ధవళయ్య గారికి పుట్టుకతో వచ్చిన విద్య. అదీ ఒంటికాలి మీద. ఆయన వచ్చేసరికి ఉప అధికారి కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీ ఎవరిదైతే తూము మూతి దగ్గర చేపలు పట్టుకునే హక్కు వాళ్లది. అది దక్కాలంటే ఆఫీసులో ఏ పని జరిగినా తన ప్రమేయం కనబడాలి. చెయ్యి పెడితే బురద అంటుతుంది. పేరు పెడితే తెల్లగానే ఉండొచ్చు.

ఆయన నేరుగా అధికారి దగ్గరికి వెళ్లారు. అధికారి ఏనుగు ఐరావతం గారు. ఇరవై ఏళ్లుగా ఒకే రాతి మీద కూర్చుని ఉన్నారు. రాయి ఆయన ఆకారానికి అరిగింది తప్ప ఆయన లేవలేదు.

"అయ్యగారూ, ఆఫీసులో మర్యాద అడుగంటిపోయిందండి."

"ఎంతమేరకు?"

"బుడుంగమ్మ నిన్న రాసిన ఆకు చిత్తగించండి. 'తూము తెరిచాను.' ఒక దండం లేదు, ఒక గారు లేదు. ఎవరి దయవల్ల తెరిచినట్టు? తూమేమన్నా ఆమె పుట్టింటి తలుపా?"

ఐరావతం గారు చెవులు రెండుసార్లు ఊపారు. "నిజమే. చూద్దాం."

ఆ ఆఫీసులో 'చూద్దాం' అంటే ఆమోదం. 'తప్పకుండా చేద్దాం' అంటే లేదని అర్థం.

మర్నాటి నుంచి మర్యాద సూత్రాలు అమల్లోకి వచ్చాయి. ప్రతి ఆకూ అయిదు పంక్తుల స్తుతితో మొదలవ్వాలి. తరవాత క్షేమసమాచారం. మధ్యలో, తప్పదనుకుంటే, విషయం. చివర 'తమ అమూల్య సమయం వృథా చేసినందుకు క్షమించగలరు.' ప్రతి ఆకు నకళ్లూ అందరికీ వెళ్లాలి, అందులో మొదటి నకలు ధవళయ్య గారికి. అందుకున్నవాళ్లు 'అందింది, ధన్యవాదాలు' అని మళ్లీ అందరికీ రాయాలి. ప్రతి ఆకుకీ నూటికి మార్కులు. నలభై రాకపోతే ఆకు వెనక్కి వస్తుంది. కొత్త శీర్షిక మొదలుపెట్టాలంటే ధవళయ్య గారి అనుమతి కావాలి, దానికి పది రోజులు. అంతవరకూ నడుస్తున్న శీర్షిక కిందే రాసుకోవాలి. ఇది ఆకుల పొదుపు కోసం.

పొదుపు ఎలా జరిగిందంటే, మొదటి రోజు ఎలుగుబంటి జంబయ్య అందరికీ 'శుభోదయం' పంపాడు. తను కాక నలభై మంది కాబట్టి నలభై ఆకులు. ఆ నలభై మందీ ఒక్కొక్కరూ మిగతా నలభై మందికీ 'అందింది, ధన్యవాదాలు' పంపారు. నలభై నలభైలు పదహారు వందలు. మొత్తం పదహారు వందల నలభై. ఓ మోస్తరు టేకు చెట్టుకి ఎనిమిది వందల ఆకులు. అంటే ఒక్క శుభోదయానికి రెండు చెట్లు బోడైపోయి, మూడో చెట్టు దిగులు పడింది.

గోరింకల కునుకు ఆ రోజుతో పోయింది.

ఆ పొద్దునే బుడుంగమ్మకి తూముకి కుడిపక్క బొరియ కనబడింది. పిడికిలంత ఉంది. అవతల సన్నగా నీళ్లు కారుతున్నాయి. కార్తీక మాసం మొదటి రోజు, చెరువు అంచుదాకా నిండి ఉంది. ఆమె ఆకు తీసి రాసింది.

"తూముకి కుడిపక్క బొరియ. తట్ట బంకమట్టి, ఇద్దరు పనివాళ్లు కావాలి. ఈ రోజే."

అరగంటలో ఆకు వెనక్కి వచ్చింది. మోదుగపువ్వు రసంతో ఎర్రగా మార్కులు వేసి ఉన్నాయి. నూటికి మూడు. పక్కన, 'ఈ మూడూ ఆకు శుభ్రంగా ఉన్నందుకు.'

బుడుంగమ్మ ఆకు పక్కన పడేసి మట్టి గుంట దగ్గరికి నడిచింది. అక్కడ స్టోరు కీపరు అడవిపంది వరహాలు. సరుకు పాడవకుండా తనే అందులో పడుకుని కాపాడుతుంటాడు.

"వరహాలూ, ఒక్క తట్ట మట్టి ఇయ్యి. కట్ట కారుతోంది."

"ఆకు ఉందా అక్కా?"

"నువ్వు కళ్లతో చూస్తావా, ఆకు చూస్తావా? పద, చూపిస్తాను."

"చూస్తే నాకు తెలిసిపోద్ది. తెలిశాక ఇయ్యకపోతే తప్పు, ఆకు లేకుండా ఇస్తే ఇంకా తప్పు. నాకెందుకు చెప్పు? నలభై మార్కుల ఆకు పట్రా, నాలుగు తట్టలు నేనే మోసుకొస్తా."

"నీ ఒంటికి అంటిన మట్టే తట్టన్నర ఉంటుందిరా."

"అది సొంత వాడకం."

ఆమె ధవళయ్య గారి దగ్గరికే వెళ్లింది. ఆయన ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుని మార్కులు వేస్తున్నారు.

"ధవళయ్యగారూ, కట్టకి బొరియ పడింది."

"అమ్మా, నోటిమాటగా చెబితే ఎలా? దీనికి నకలేదీ?"

"నకలు తరవాత రాసిస్తాను. ముందు మట్టి ఇప్పించండి."

"చూశావా, మళ్లీ విషయంతోనే మొదలుపెట్టావు." ఆయన జాలిగా ఒక కన్ను తెరిచారు. "నా ఆరోగ్యం ఎలా ఉందో అడిగావా?"

బుడుంగమ్మ పళ్లు బిగించి, "తమరు కులాసానా?" అంది.

"ఏం కులాసా తల్లీ, ఒకటే కాలు నొప్పి," అని మొదలుపెట్టిన ధవళయ్య గారు సాయంత్రానికి కుడికాలు పూర్తి చేశారు. ఎడమకాలు రేపటికి మిగిలింది.

రెండో రోజుకి బొరియ రెండు తట్టలంత అయ్యింది. కొత్త శీర్షికకి పది రోజులు ఆగాలి. నడుస్తున్న శీర్షిక ఒక్కటే ఉంది, 'కార్తీక వనభోజనం: పాయసమా, పానకమా?' ఆ నెల తొమ్మిదో నాడు ఆఫీసంతా ఉసిరిచెట్టు కింద భోంచెయ్యాలని జంబయ్య సూత్రాలకి ముందే లేవదీసిన చర్చ అది. బుడుంగమ్మ గత్యంతరం లేక దాని కిందే రాసింది. ముందు దండాలు పెట్టింది, వెనక క్షమాపణ తగిలించింది, మధ్యలో 'కట్టకి బంకమట్టి రెండు తట్టలు కావాలి' అంది. నలభై రెండు మార్కులు వచ్చాయి. ఆకు అందరికీ వెళ్లింది.

'అందింది, ధన్యవాదాలు' అని నలభై మందీ రాశారు. తరవాత అసలు జవాబులు మొదలయ్యాయి.

"నా ఓటు ఇప్పపువ్వు పాయసానికే," అని జంబయ్య రాశాడు. "పానకం తాగితే నాకు నిద్ర రాదు."

"బంకమట్టి కూడా పెడుతున్నారని తెలిసి సంతోషించాను," అని వరహాలు రాశాడు. "నాకు వేరే విస్తట్లో వెయ్యండి."

బుడుంగమ్మ ఆ ఆకు పట్టుకుని మట్టి గుంట దగ్గరికి పరిగెత్తింది. "ఇదిగో, నలభై రెండు మార్కులు. ఇప్పుడియ్యి."

వరహాలు ఆకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది వనభోజనం ఆకు అక్కా. దీని మీద మట్టి ఇస్తే వంట ఖాతాలో పడద్ది. తొమ్మిదో తారీఖున ఇస్తాను, విస్తరి తెచ్చుకో."

మూడో రోజుకి నాలుగు తట్టలు. నాలుగో రోజుకి ఎనిమిది. బుడుంగమ్మ నోటితో గడ్డి పట్టుకొచ్చి కుక్కుతోంది, నీళ్లు ఆ గడ్డిని మర్యాదగా అవతలికి పంపేస్తున్నాయి. ప్రతి పొద్దునా ఒక ఆకు రాస్తూనే ఉంది. ప్రతి ఆకుకీ ధవళయ్య గారి నుంచి మొదటగా 'అందింది, ధన్యవాదాలు' వస్తూనే ఉంది. పాయసం పక్షం పందొమ్మిది మంది, పానకం పక్షం పందొమ్మిది మంది అయ్యారు. పూటకో పక్షానికి మారుతుండటంతో తాబేలు ఓటు లెక్కకి రాలేదు.

అయిదో రోజు రాతకి కూర్చోబోతూ బుడుంగమ్మ ఆలోచించింది. వీళ్లకి కావలసింది మర్యాదే కదా, దాంతోనే కొట్టి చూద్దాం అనుకుంది. తొమ్మిది ఆకులు కలిపి కుట్టింది. ధవళయ్య గారి ముక్కు పొడుగునీ, తెలుపునీ, నిలకడనీ పొగిడింది. రెండు కాళ్ల క్షేమమూ విడివిడిగా అడిగింది. సరిగ్గా అయిదో ఆకు నడుమ 'కట్ట కారుతోంది, పదహారు తట్టల మట్టి, ఎనిమిది మంది, ఈ రోజే, లేకపోతే తొమ్మిదో నాటికి తెగుతుంది' అని రాసింది. మిగతా నాలుగాకుల్లో క్షమాపణ చెప్పుకుంది.

ఆ ఉత్తరానికి తొంభై ఏడు మార్కులు వచ్చాయి.

ధవళయ్య గారు ఆఫీసందరినీ పిలిచి దాన్ని స్వయంగా చదివి వినిపించారు. ముక్కు గురించిన భాగం రెండుసార్లు చదివారు. జంబయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఐరావతం గారు రాతి మీది నుంచే తొండం ఎత్తి మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"మరి ఆ మూడు మార్కులూ ఎందుకు పోయాయండి?" అని జంబయ్య అడిగాడు.

"అయిదో ఆకులో కొంచెం తడబడింది," అన్నారు ధవళయ్య గారు. "అక్కడ ఏదో విషయం అడ్డొచ్చి ధార చెడింది. నేను చదివేటప్పుడు సర్దేశాను."

బుడుంగమ్మ మెడలో తామరపువ్వు దండ పడింది. దండతోనే వెళ్లి గడ్డి కుక్కింది.

ఆరో రోజుకి ముప్పై రెండు తట్టలు. ఏడో రోజుకి అరవై నాలుగు. ఎనిమిదో రోజుకి నూట ఇరవై ఎనిమిది. ఇలా పెరిగేదాన్ని ఆపడానికి మొదటి రోజు ఒక తట్ట చాలని, ఆ ఒక్క తట్టా మొదటి రోజే దొరకదని లెక్క తెలిసినవాళ్లందరికీ తెలుసు.

తొమ్మిదో పొద్దున బుడుంగమ్మ ఆకు రాయలేదు. ముల్లు విరిచి పడేసి పల్లంలోకి దిగింది. కుందేళ్ల కన్నాల ముందు నిలబడి ఒక్క మాట అంది.

"పిల్లల్ని తీసుకుని గట్టెక్కండి. కట్ట ఇవాళ తెగుతుంది."

కుందేళ్లు ఉద్యోగులు కావు. వాటికి మర్యాద మార్కులు లేవు, కాళ్లున్నాయి. పావుగంటలో ముప్పై ఆరు కన్నాలూ ఖాళీ అయ్యాయి. ఒక ముసలి కుందేలు మాత్రం దారిలో ఆగి, "చెప్పి మంచి పని చేశావమ్మా," అని నాలుగే మాటలు అంది. తొమ్మిది రోజుల్లో బుడుంగమ్మకి అందిన ధన్యవాదాల్లో విషయం తెలిసి చెప్పింది అదొక్కటే.

పిల్లల్ని గట్టు మీద కుందేళ్లకి అప్పగించి ఆమె ఉసిరిచెట్టు దగ్గరికి పరిగెత్తింది. ఉసిరిచెట్టు కూడా పల్లంలోనే ఉంది. నలభై మందీ అక్కడే విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఉసిరిచెట్టు నీడ చీరచెంగంత. చుట్టూ ఉన్న టేకు చెట్లు బోడిగా నిలబడి ఉన్నాయి. ఐరావతం గారిని రాయితో సహా దొర్లించుకొచ్చి పెట్టారు. ఏ పక్షానికీ కోపం రాకుండా పాయసం ఒక గంగాళం, పానకం ఒక గంగాళం కాచారు.

ధవళయ్య గారు ఉపన్యాసం మధ్యలో ఉన్నారు.

"ఈ తొమ్మిది రోజుల్లో మన ఆఫీసు నలభై అయిదు ఉత్తరాలు నడిపింది. డెబ్బై మూడు వేల ఎనిమిది వందల ఆకులు. అందులో ఒక్క అమర్యాద మాట లేదు. తొంభై రెండు చెట్లు ఈ యజ్ఞానికి తమ ఆకులన్నీ ఇచ్చాయి, తొంభై మూడోది పావు వంతు ఇచ్చింది. ప్రతి ఉత్తరంలో మొదటి నకలు నాది. అంటే ఈ అడవిలో నాకు తెలియకుండా ఏమీ జరగలేదు. ఆ ఉప అధికారి కుర్చీ విషయం కూడా అయ్యగారు..."

"ధవళయ్యగారూ, లేవమనండి అందరినీ," అంది బుడుంగమ్మ రొప్పుతూ.

"తల్లీ, తొంభై ఏడు మార్కులు తెచ్చుకున్నదానివి. ముందు క్షేమసమాచారం..."

వెనక చిన్న చప్పుడయ్యింది. ఎవరో పెద్ద కుండ మూత తీసినట్టు.

తరవాత నీళ్లు వచ్చాయి. ఎవరినీ విడిచిపెట్టలేదు. పాయసం గంగాళం, పానకం గంగాళం పక్కపక్కనే కొట్టుకుపోయి తొమ్మిది రోజుల వివాదాన్ని తీర్చేశాయి. జంబయ్య పాయసం వెనకాలే ఈదాడు. తాబేలు ఏ పక్షమూ లేకుండా తేలింది. ధవళయ్య గారు రెండో కాలు కూడా కిందపెట్టారు. ఆయనకి రెండు కాళ్లున్నాయని కొందరు ఆ రోజే చూశారు.

ఐరావతం గారు మాత్రం కదల్లేదు. మోకాళ్ల లోతు నీళ్లలో రాతి మీద కూర్చుని, "ఏమిటిది? దీని గురించి నాకెవరూ రాయలేదే," అన్నారు.

బుడుంగమ్మ ఈదుకుంటూ ఆయన ముందుకు వచ్చింది. గండి వైపు చూసింది. ఆయన వైపు చూసింది. గండి రెండు వందల యాభై ఆరు తట్టలు. ఆయన, చూపుకి, రెండు వందల యాభై.

"అయ్యగారూ, దయచేసి లేచి వెళ్లి ఆ గండిలో కూర్చోండి. చెరువు మిగులుతుంది."

ఇరవై ఏళ్లలో ఆయనకి వేల ఆకులు వచ్చాయి. ఏం చెయ్యాలో, ఎక్కడ చెయ్యాలో, చేస్తే ఏమవుతుందో ఒక్క ఊపిరిలో చెప్పిన కబురు అదే మొదటిది. అర్థం కావడానికి ఆయనకి క్షణం కూడా పట్టలేదు. లేచారు. ధనధనమని నడిచారు. గండిలో కూర్చున్నారు.

కూర్చోవడంలో ఆయనంత అనుభవం ఆ అడవిలో ఇంకెవరికీ లేదు. నీళ్లు ఆగిపోయాయి. మిగిలిన ఆరు తట్టల సందులో వరహాలు ఆకు అడక్కుండానే అడ్డం పడుకున్నాడు.

"ఇది ఏ ఖాతాలో రాసుకోమంటావు అక్కా?" అన్నాడు లోపలి నుంచి.

"సొంత వాడకం," అంది బుడుంగమ్మ.

చెరువు సగం మిగిలింది. జంబయ్యతో సహా అందరూ మట్టి మోశారు. ఆ మట్టి ఆరేదాకా, మూడు రోజులు, ఐరావతం గారు గండిలోనే ఉండాల్సి వచ్చింది. అక్కడ వేరే పని లేక, వచ్చిన ఆకులూ, బుడుంగమ్మకి వెనక్కి వచ్చిన ఆకూ తెప్పించుకుని చదవడం మొదలుపెట్టారు. చదవడం ఆయనకి కొత్త. రెండో రోజుకి ధవళయ్య గారిని పిలిపించారు.

"కట్ట కారుతోందని ఆమె మొదట రాసినదానికి మీరు మూడు మార్కులు వేశారు. తరవాతి ఏడు ఆకులకీ 'అందింది, ధన్యవాదాలు, ధవళయ్య' అని ఉంది. అంటే మీకు తెలుసన్నమాట."

"తెలియదండి. అందింది, అంతే."

"మరి ధన్యవాదాలు దేనికి?"

ధవళయ్య గారు కాలు మార్చారు.

"మీకు తెలియకుండా ఈ అడవిలో ఏమీ జరగలేదని మీరే అన్నారు," అన్నారు ఐరావతం గారు. "నకళ్లు కూడా ఉన్నాయి. డెబ్బై మూడు వేలు."

ధవళయ్య గారిని కట్ట కాపలాకి వేశారు. మోకాలి లోతు బురదలో రోజూ ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి బొరియలు వెతకాలి. బొరియ కనబడితే బుడుంగమ్మకి నోటితో, ఒక్క మాటలో చెప్పాలి. మొదటి వారం ఆయన "అమ్మా, కులాసానా" అని మొదలుపెట్టగానే ఆమె చెయ్యి చాపి, "ఎక్కడ?" అనేది. రెండో వారానికి ఆయనే పరిగెత్తుకొచ్చి "తూముకి ఎడమపక్క, పిడికెడు," అనడం నేర్చుకున్నారు. ఈకలు మట్టి రంగుకి తిరిగాయి.

ఉప అధికారి కుర్చీ బుడుంగమ్మకి ఇస్తామన్నారు.

"కుర్చీ వద్దండి. మట్టి గుంట నా అజమాయిషీలో పెట్టండి," అంది. పెట్టారు. దాంతోపాటు తూము మూతి చేపలు కూడా ఆమె పిల్లలకే వచ్చాయి.

ఇక ఆఫీసు కూడా గుణపాఠం నేర్చుకుంది. ఇంత అనర్థం ఎందుకు జరిగిందో విచారించడానికి జంబయ్య అధ్యక్షతన సంఘం వేశారు. ముఖ్యమైన ఆకులకి గుర్తు లేకపోవడమే లోపమని సంఘం తేల్చింది. ఇకమీదట అలాంటి ఆకుల మీద మోదుగపువ్వు రసంతో 'అత్యవసరం' అని రాయాలని తీర్మానించింది.

మర్నాడు పొద్దున్నే అందరి ముందూ ఎర్రటి ఆకు ఒకటి పడింది.

"అత్యవసరం: శుభోదయం. జంబయ్య."

నలభై మందీ అత్యవసరంగా ధన్యవాదాలు చెప్పారు. తొంభై మూడో టేకు చెట్టు మిగిలిన ముప్పావు ఆకుల్నీ తనే రాల్చేసుకుని నిలబడింది.

ఇందులో నీతి: ఉత్తరంలో విషయాన్ని ఎంత మర్యాదగా దాచినా ఫరవాలేదు, చెరువే వచ్చి అందరికీ నకలు ఇచ్చి పోతుంది.